పక్కచూపుల కుముద, రంగురాళ్ల ఆట

"ఎర్ర గవ్వ నాదే, తెల్ల గవ్వ నీదే,
నడిమి గవ్వ ఎవరిదే నాగమల్లీ..."

ఆ తరవాత ఏముందో రాజరత్నమ్మకి గుర్తు రాలేదు. చిన్నప్పుడు తోటిపిల్లలతో గవ్వలాడుతూ పాడిన పాట. మనవరాలి చేతిలోని వీడియోగేము పెట్టె తెర మీద ఎర్రవీ తెల్లవీ రాళ్లు గలగలా రాలడం చూసేసరికి, ఆ సగం పాట దానంతటదే నోటికొచ్చింది.

ఆ మనవరాలి పేరు కుముద. తణుకులో, రైసుమిల్లు వెనక కాలనీలో ఉండే కుముద ఏ పనైనా చురుగ్గా చేసేది గానీ, దాని కళ్లు మాత్రం ఎప్పుడూ పక్కవాళ్ల మీదే ఉండేవి. భోజనానికి కూర్చుంటే పక్క కంచంలో ఏం పడిందో చూసేది. పరీక్ష రాస్తూ ముందు బెంచీ అమ్మాయి ఎన్నో పేజీ తిప్పిందో చూసేది. ఎదురింటివాళ్ల ముగ్గు ఎంతవరకు వచ్చిందో చూస్తూ తన ముగ్గులో చుక్కలు తప్పేది. "గుర్రానికి కట్టినట్టు నీకూ గంతలు కట్టాలే" అని వాళ్లమ్మ విసుక్కునేది.

ఆ ఏడు వినాయకచవితి పందిట్లో పిల్లలకి కొత్త పోటీ పెట్టారు. అదే ఈ రంగురాళ్ల ఆట. ఒకప్పుడు పట్నాల్లో బిళ్ల వేసి, నిలబడి ఆడే పెద్ద యంత్రంలో ఉండేదట. ఇప్పుడు రెండు చేతుల్లో ఇమిడే పెట్టెలోకి వచ్చేసింది. ఆ పెట్టెకి అటూ ఇటూ ఉన్న మీటల పిడులు ఊడదీసి చెరొకటి పట్టుకుంటే ఇద్దరు ఆడుకోవచ్చు. కుముద బాబాయి హైదరాబాదు నుంచి వస్తూ తెచ్చాడు.

పోటీలో గెలిచినవాళ్లకి కప్పూ లేదు, గిన్నే లేదు. నిమజ్జనం రోజున ట్రాక్టరు మీద ముందు కూర్చుని, చిన్న మట్టి వినాయకుణ్ణి ఒళ్లో పెట్టుకుని కాలువ దాకా వెళ్లడమే బహుమతి. ఇదివరకు దానికి చీటీలు తీసేవారు. కుముద పేరు ఎప్పుడూ రాలేదు. పోయినేడు ట్రాక్టరు వెనక నడుస్తూ, ముందు కూర్చున్న పిల్ల వైపే చూస్తూ, బురదలో చెప్పు పోగొట్టుకుని వచ్చింది.

"ఈసారి చీటీ కాదు అమ్మమ్మా. గెలిస్తే చాలు. రా, నాతో ఆడు" అంది కుముద. కూర్చున్న చోట కూర్చోలేకపోతోంది. సోఫా అంచుకి జరుగుతుంది, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది.

"నాకేం వస్తుందే?"

"ఏం లేదు. తెర మధ్యలో గీత ఉంది కదా, ఇటు నాది, అటు నీది. పైనుంచి రాళ్లు పడతాయి. ఒక రంగువి ఒకచోట చేర్చుకో. మధ్యమధ్య మెరిసే రాయి వస్తుంది. దాన్ని దాని రంగు గుట్టకి తగిలిస్తే గుట్టంతా పగిలిపోతుంది. అన్ని రాళ్లూ అవతలివాళ్ల నెత్తిన పడతాయి. ఎవరి గుట్ట ముందు పైకప్పుకి తగిలితే వాళ్లు ఓడినట్టు."

"అయితే పగిలినవి పోవన్నమాట. ఇంకొకళ్ల ఇంటికి వెళతాయి" అని రాజరత్నమ్మ ఆశ్చర్యపోయింది.

రాజరత్నమ్మ అరవై దాటాక అక్షరాలు నేర్చుకుంది. ఇప్పటికీ పేపరు చదివేటప్పుడు ఆవిడ వేలు అక్షరం కింద నుంచి అంత తొందరగా కదలదు. ఆటా అలాగే ఆడింది. రాయి వస్తే ముందు దాన్ని చూసేది, తరవాత దాని చోటు చూసేది, అప్పుడు దించేది. ఓడిపోయేది. కానీ వెంటనే ఓడిపోయేది కాదు.

"అమ్మమ్మా, నీది నిండిపోతోంది, చూడు చూడు" అని కుముద నవ్వింది. ఆ నవ్వులో ఉండగానే తన గుట్టే వెళ్లి పైకప్పుకి తగిలింది.

"నా గొడవ నీకెందుకే? నీ వైపు చూసుకోవూ?"

"అవతలివాళ్లు ఎక్కడున్నారో తెలియకపోతే ఎలా మరి? నువ్వసలు నా వైపు చూడవేంటి?"

"నా వైపు చూడ్డానికే నా కళ్లు చాలట్లేదు తల్లీ."

"సర్లే, ఇది లెక్కలోకి రాదు" అని కుముద మళ్లీ మొదలుపెట్టింది. రాజరత్నమ్మకి మనసులో ఎక్కడో గుబులుగానే ఉంది. పిల్ల గెలవాలి. గెలవకపోతే ఈసారి ఏం పోగొట్టుకుని వస్తుందో.

నిమజ్జనం రోజు పొద్దున్నే పందిట్లో పెద్ద టీవీకి ఆట పెట్టె తగిలించారు. కుముద ఒక్కొక్కళ్లనే ఓడించుకుంటూ వచ్చింది. చివరికి మిగిలింది మిఠాయి కొట్టువాళ్ల అబ్బాయి తాతాజీ. బొద్దుగా ఉంటాడు. వాడికి దేనికీ తొందర ఉండదు. ఆటకి పిలిచినప్పుడు కూడా ఉండ్రాయి నములుతున్నాడు.

"ఏరా తాతాజీ, నీ ఆట చూడ్డానికి మీ మనవలెవరూ రాలేదా?" అంది కుముద.

"పడుకున్నారు. లేపొద్దన్నాను" అన్నాడు తాతాజీ, చెయ్యి లాగుకి తుడుచుకుంటూ.

పందిరంతా నవ్వింది. కమిటీ పెద్ద సూరపరాజు గారు ఈల వేశారు. రాళ్లు పడటం మొదలైంది.

కుముద వేళ్లు మెరుపులే. ఆకుపచ్చ రాళ్లన్నీ ఒక పక్కకి చేర్చి గోడలా కట్టింది. మెరిసే ఆకుపచ్చ రాయి రాగానే దాన్ని గోడకి తగిలించింది. గోడంతా ఒక్కసారిగా పగిలి తాతాజీ నెత్తిన పడింది. వాడి వైపు దాదాపు పైకప్పు దాకా నిండిపోయింది. వేలెడు ఖాళీ మిగిలింది, అంతే.

పిల్లలు కేకలు పెట్టారు. బయట డప్పులవాళ్లు అప్పుడే డప్పులు వేడి చేసుకుంటున్నారు. కుముద గీత అవతలికి చూసింది. చూస్తూ ఉండిపోయింది. తాతాజీ ఆఖరి రాయి ఎక్కడ పడుతుందో, వాడి మొహం ఎలా మారుతుందో కళ్లారా చూడాలి దానికి.

"అయిపోయావురా" అంది.

వాడికి వినపడిందో లేదో తెలియదు. నాలిక పెదవి మీద పెట్టుకుని, వచ్చిన రాయిని వచ్చినట్టు ఆ వేలెడు ఖాళీలోనే సర్దుకుంటున్నాడు. చిన్న గుంపు ఒకటి పగిలింది. ఇంకొకటి పగిలింది.

కుర్చీలో కూర్చున్న రాజరత్నమ్మ మనవరాలి వైపే చూస్తోంది. అక్కడ ఎర్ర మెరుపురాయి వచ్చింది. కింద ఎర్రరాళ్లు బోలెడు ఉన్నాయి. ఒక్క మీట పక్కకి నొక్కితే చాలు, ఆట ముగిసినట్టే. కుముద వేళ్లు ఆడుతున్నాయి గానీ కళ్లు అక్కడ లేవు. మెరుపురాయి వెళ్లి పసుపు రాళ్ల మీద ఊరికే కూర్చుంది. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి, అన్నీ నడిమధ్యనే పడ్డాయి.

"కుముదా, నీ వైపే" అంది రాజరత్నమ్మ. అప్పుడే మొదలైన డప్పుల మోతలో ఆ మాట కలిసిపోయింది.

కుముద గుట్ట పైకప్పుకి తగిలింది. తెరలో సగం నల్లబడింది.

తాతాజీ ఇంకా మీటలు నొక్కుతూనే ఉన్నాడు. "ఆపరా, అయిపోయింది. నువ్వే గెలిచావు" అన్నారు సూరపరాజు గారు.

"నేనా? ఎప్పుడండీ?" అన్నాడు తాతాజీ.

సాయంత్రం ట్రాక్టరు కదిలింది. తాతాజీ ముందు కూర్చుని, ఒళ్లో వినాయకుణ్ణి పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. కుముద అమ్మమ్మతో కలిసి వెనక నడిచింది. రంగులు చల్లుతున్నా పక్కకి తప్పుకోలేదు.

"గెలిచిన ఆట అమ్మమ్మా అది" అంది చివరికి.

"అవును తల్లీ. ఎర్ర మెరుపురాయి కూడా వచ్చింది నీకు."

కుముద ఆగిపోయింది. "ఎప్పుడు?"

"నువ్వు తాతాజీ వైపు చూస్తున్నప్పుడు."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"అంత దూరం నుంచి నీకు కనపడింది. నా ముందున్నది నాకు కనపడలేదు" అంది కుముద. కళ్లు తుడుచుకుంది. కాలువ గట్టు మీద జనం జైకొట్టారు. తాతాజీ వంగి వినాయకుణ్ణి నీళ్లలోకి దించాడు. నీళ్లు మూసుకునేదాకా కుముద చూసింది. తరవాత అమ్మమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా అంది:

"ఎదుటివాళ్లు ఎప్పుడు పడిపోతారా అని చూస్తూ కూర్చుంటే, మన చేతికి వచ్చింది మనకే కనపడదు అమ్మమ్మా."