ముక్కు పట్టిన చెయ్యి

ఒకానొక రాజ్యంలో రాజుగారి ముక్కు కోసం ఒక శాసనం పుట్టింది. అదెలా పుట్టిందో, ఎలా పోయిందో చెబుతాను.

ఆ రాజు పేరు ప్రతాపధ్వజుడు. మనిషి చెడ్డవాడు కాడు గాని, తానంటే తనకు మహా గౌరవం. పైపెదవి మీద చీమలబారంత సన్నని మీసం పెంచాడు. ఆ మీసానికీ ముక్కుకూ మధ్యనున్న కాస్త జాగా నున్నగా ఉంటే తప్ప సభకు వచ్చేవాడు కాదు. అది ఆస్థాన క్షురకుడు ఓబన్న పని. ఓబన్న ముందు తల మర్దన చేసేవాడు. రాజు హాయిగా నిద్రపోయేవాడు. లేచేసరికి గడ్డం పని అయిపోయేది. ఇలా చాలా ఏళ్లు గడిచాయి.

ఒకరోజు రాజుకు జలుబు చేసి నిద్ర సరిగా పట్టలేదు. మధ్యలో కళ్లు తెరిచి ఎదురుగా ఉన్న అద్దంలోకి చూశాడు. ఓబన్న రెండు వేళ్లతో రాజుగారి ముక్కుకొన పట్టి, పైకెత్తి, దాని కింద కత్తి ఆడిస్తున్నాడు.

"నా ముక్కు పట్టుకుంటావా? శత్రురాజులు కూడా చేయలేకపోయిన పని నువ్వు రోజూ చేస్తున్నావా?" అని రాజు మండిపడ్డాడు.

ఆ పూటే దండోరా వేయించాడు. రాజుగారి ముక్కు పట్టుకున్న చెయ్యి ఎవరిదైనా సరే, మణికట్టు దగ్గర నరికించడమే. ఓబన్నను చెరలో వేశారు. శిక్షకు పున్నమి నాడు ముహూర్తం పెట్టారు.

సభలో అందరూ "ధర్మం, ధర్మం" అని తలలూపారు. చెన్నభట్టు ఒక్కడే ఊపలేదు. ఈ చెన్నభట్టు రాజుగారి కొలువులో మాటకారి. అతనికొక జబ్బుంది. ఏ పని చూసినా అదెలా జరుగుతుందో తెలిసేదాకా అన్నం సయించదు. కుమ్మరి సారె ముందు కూర్చుని ఇంటికి పోవడం మరిచిన ఘనుడు.

"ప్రభూ, ముక్కు పట్టకుండా అక్కడ గీయడం కుదురుతుందా? తెలుసుకోవాలనుంది" అన్నాడు.

"కుదరకేం? వాడు పొగరుకొద్దీ పట్టుకున్నాడు. అంత సందేహముంటే నువ్వే కత్తి పట్టు. పున్నమి నాడు సభలోనే నాకు గడ్డం గీయి. ముక్కు పట్టకుండా గీశావా, ఓబన్నది పొగరేనని తేలి వాడి చెయ్యి పోతుంది. గాటు పడిందా, నీ చెయ్యి కూడా పోతుంది. ముక్కు ముట్టావా, శాసనం ఉండనే ఉంది" అన్నాడు రాజు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెన్నభట్టు నేరుగా చెరసాలకు వెళ్లాడు. ఓబన్న తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, జ్వరం వచ్చిన బిడ్డను చూసినట్టు చూసుకుంటున్నాడు.

"దీనికి ఇంకో పని రాదు సామీ. ఇది పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు" అన్నాడు.

చెన్నభట్టు అతని పక్కనే చతికిలబడ్డాడు. "ముందు నాకు కత్తి పట్టడం నేర్పు ఓబన్నా. పనే తెలియనివాడికి ఉపాయం ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

మొదటి పాఠం తోలుపట్టా మీద కత్తికి పదును పెట్టడం. చెన్నభట్టు ఉత్సాహంగా ఒక్క లాగు లాగితే పట్టా రెండు ముక్కలైంది. "కత్తి వీపు ముందు నడవాలి సామీ, అంచు దాని వెనకాల రావాలి" అన్నాడు ఓబన్న. ఆ తర్వాత లేత బూడిద గుమ్మడికాయ తెప్పించి తడిపించాడు. దాని మీది నూగు పోవాలి, తొక్క చెక్కుచెదరకూడదు. చెన్నభట్టు చెమటలు కక్కుతూ గీసి చూపించాడు.

"ఇది గీసినట్టు లేదు సామీ, పులుసులోకి తరిగినట్టుంది" అన్నాడు ఓబన్న. అంత దుఃఖంలోనూ నవ్వాడు.

గుమ్మడికాయల తర్వాత సొంత పిక్క, పిక్క తర్వాత సొంత బుగ్గ. ఇంట్లో పటిక అంతా గాట్లకే సరిపోతోందని చెన్నభట్టు భార్య గొణిగింది. అతనికి మాత్రం రోజురోజుకూ వింతగా ఉంది. గీసేది కుడిచెయ్యి అనుకున్నాడు ఇన్నాళ్లూ. తీరా చూస్తే కష్టమంతా ఎడమచేతిది. అది చర్మాన్ని బిగలాగి పట్టకపోతే కత్తి వెంట్రుకను వదిలి చర్మాన్ని తింటుంది.

చివరికి అద్దం ముందు పెట్టుకుని ముక్కు కింద కత్తి ఆనించాడు. ఎడమచెయ్యి తనంతట తానే ముక్కు మీదికి పోయింది. చెన్నభట్టు అద్దంలో ఆ చేతిని చాలాసేపు చూశాడు. తర్వాత చిన్నగా నవ్వుకున్నాడు.

పున్నమి నాడు సభ కిటకిటలాడింది. ఓబన్నను ఒక పక్క నిలబెట్టారు, తలారి ఇంకో పక్క నిలబడ్డాడు. చెన్నభట్టు ఊపిరి బిగబట్టి రాజుగారి రెండు బుగ్గలూ గీశాడు, గడ్డం గీశాడు. ముక్కు కిందికి వచ్చి ఆగాడు.

"ప్రభూ, ఇక్కడ చర్మం వదులుగా ఉంది. ముక్కు ఎత్తకపోతే గాటు తప్పదు. నేనైతే ముట్టను. మంత్రిగారేమైనా కాస్త సాయం పడతారా?"

మంత్రి చేతులు రెండూ శాలువాలో దాచుకున్నాడు. సేనాపతికి ఉన్నట్టుండి పైకప్పు మీది చిత్రాలు బాగా నచ్చాయి. ఎవరూ కదల్లేదు. మొహం మీద తడి ఆరిపోయి రాజుకు దురద మొదలైంది.

"ఈ మాత్రం దానికి ఇంత రాద్ధాంతమా?" అని విసుక్కుని, రాజు తన ముక్కు తానే పట్టి పైకెత్తాడు.

చెన్నభట్టు మెల్లగా గీసి, కత్తి తుడుచుకుని, వెనక్కు తగ్గి నమస్కరించాడు. "గాటు పడలేదు. నేను ముక్కు ముట్టలేదు. ఇక తలారిని ముందుకు రమ్మంటారా ప్రభూ?"

"ఓబన్న కోసమేనా?"

"ఓబన్న సంగతి తర్వాత చూద్దాం. ఇంతమంది కళ్లెదుట తమ ముక్కు పట్టుకున్న చెయ్యి ఒకటుంది. ఎవరిదైనా సరే అని శాసనం. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది."

రాజు ఎదురుగా పెట్టిన అద్దంలోకి చూశాడు. తన రెండు వేళ్లూ తన ముక్కు మీదే ఉన్నాయి.

"ముక్కు పట్టకుండా గీయడం కుదరదని తమరి చెయ్యే సాక్ష్యం చెప్పింది. సాక్షిని నరికిస్తారో, ఓబన్నను వదిలేస్తారో తమ చిత్తం" అన్నాడు చెన్నభట్టు.

రాజు భుజాలు మొదట కొద్దిగా కదిలాయి. ఆ తర్వాత కడుపు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. శాసనం అప్పుడే రద్దయింది. ఓబన్న సంకెళ్లు తీయించి, అతని చేతికి పట్టుశాలువా ఇచ్చాడు రాజు. తన బంగారు కడియం తీసి చెన్నభట్టుకు తొడిగాడు. అప్పుడు మండుతున్న బుగ్గలు తడుముకుంటూ గొంతు తగ్గించి ఇలా అన్నాడు:

"భట్టూ, ఇది నువ్వు నాకు గడ్డం గీసినందుకు ఇస్తున్నానని ఊళ్లో చెప్పుకునేవు. ఇకమీదట గీయకుండా ఉండేందుకు ఇస్తున్నాను."