నడి మునుం

దీవెనా, నిన్న ఫోన్లో ఏడుస్తా అడిగేవు కదమ్మా, "చిన్నమ్మమ్మా, అమ్మమ్మ పోయిందని ఊళ్ళో ఉండిపోతే ఇరవై రోజుల పాఠాలు పోయాయి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని క్లాసులోకి ఎల్లను" అని. హాస్టలు రూములోనే కూర్చుని, పోయినయ్యన్నీ చదివేసుకుని అప్పుడెల్తానన్నావు. హాజరు తక్కువైతే పరీక్ష రాయనివ్వరని కూడా నువ్వే చెప్పేవు. చదువు సంగతి నాకేం తెలుసు? మీ అమ్మమ్మ ఉంటే చెప్పేది కదా అనుకుని ఫోను పెట్టేసేను. ఇందాక పొయ్యి కాడ కూర్చుంటే గుర్తొచ్చింది, ఇలాంటి మాటే ఒకప్పుడు నేనూ దానితో అన్నాను.

మీ అమ్మమ్మ, అదే మా అక్క, సంగతి నీకు తెలుసు. ఇరవై ఏళ్ళు వరి నాట్లేసే ఊడుపుల ముఠాకి మేస్త్రమ్మ. ఏదన్నా అడిగితే నోటితో చెప్పేది కాదు, తీసుకెళ్ళి చేలో నిలబెట్టేది.

మా అమ్మ పోయినప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఊడుపులు మొదలై పది రోజులైనా నేను ఇంట్లోంచి కదల్లేదు. పదకొండో రోజు ఎల్లేను. ఆడోళ్ళందరూ వరసగా నిలబడి, వెనక్కి వెనక్కి అడుగేస్తా నాటుతారు కదా. తలా కొంత మేర, దాన్నే మునుం అంటాం. అందులో ఆలస్యమైనదాని అవస్థ చూడాలి. అందరూ వెనక్కెల్లిపోతారు, అదొక్కతే ముందు మిగిలిపోద్ది. అటూ ఇటూ నాటేసిన మొక్కలు, మధ్య సందులో దాని వీపు అందరికీ కనపడతానే ఉంటది. పది రోజులు పని మర్చిపోయిన చేతులాయె, నేనలాగే మిగిలిపోయేను.

"ఏవే ఎస్తేరూ, అక్కడే కాపురం పెట్టేత్తావా?" అని పక్క మునుంలో కరుణమ్మ నవ్వింది. ముఠా అంతా నవ్వేరు.

నాకు ఏడుపొచ్చేసింది. నారుకట్ట అక్కడే పడేసి గట్టెక్కి కూర్చున్నాను. "అక్కా, రేపు తెల్లారగట్ట ఒక్కదాన్నే వచ్చి నా ముక్క నాటేసుకుంటాను" అన్నాను. అక్క వంచిన నడుం ఎత్తలేదు. అటు కరుణమ్మ, ఇటు పక్క మునుంలో మణెమ్మ నా మునుంలోకి కొంచెం కొంచెం జరిగేరు. నాటుతా పాడుకునే పాట ఒకటయ్యేసరికి నా మునుం అంతా నాటేసేరు. నేను కళ్ళు తుడుచుకుని దిగితే, వరసలో నిలబడ్డానికి చోటు లేదు.

అన్నాలయ్యేక రెండో మడిలో దిగేం. గట్టు వార మునుం ఇమ్మన్నాను, ఎవరి కంటా పడకుండా ఉందామని. నువ్వు కూడా, ఎప్పుడెల్లినా తలుపు పక్క బెంచీలోనే కూర్చుంటానన్నావు చూడు, అలాగన్నమాట. అక్క నా రెక్క పుచ్చుకుని తీసుకెళ్ళి నట్టనడుమ నిలబెట్టింది. "ఇక్కడైతే నీకు రెండు పక్కలా మనుషులుంటారు" అంది.

మళ్ళీ మిగిలిపోయేను. సిగ్గుతో వీపు మండిపోయింది. కానీ ఈసారి లెగలేదు. "వదినా, నీ చెయ్యి అంత జోరుగా ఎలా పడతంది?" అని కరుణమ్మనే అడిగేను.

"ఎడం చేత్తో ముందే నారు పిలకలు విడదీసి ఉంచుకోవే మొద్దూ! కుడి చెయ్యి నీళ్ళలో పెట్టేక వెతుక్కుంటావేంటి?" అని తిట్టింది. తిడతానే నా వైపు రెండు పిలకలు గుచ్చింది. అటునుంచి మణెమ్మ రెండు గుచ్చింది. మళ్ళీ ఇది రెండు, అది రెండు. పొద్దు వాలేసరికి నేను వాళ్ళకి రెండడుగుల తేడాలో ఉన్నాను.

ఇంటికొచ్చేటప్పుడు కాలవలో కాళ్ళు కడుక్కుంటా అక్కతో చెప్పుకున్నాను. ఇప్పటికీ ఆ కాలవలోనే కడుక్కుంటన్నానమ్మా, పక్కన మీ అమ్మమ్మే లేదు. "ఆ కరుణమ్మ వరస ఏంటక్కా? పొద్దున్న నా చోటు లాగేసుకుంది. మజ్జానం నా వంతు పిలకలు నాటి నన్నే వరసలోకి లాగింది."

మీ అమ్మమ్మ మడమల బురద రుద్దుకుంటా అంది: "అది రెండు పూటలా ఒక్కలాగే నాటిందే పిల్లా. ఒక పూట నువ్వే గట్టు మీదున్నావు."