స్టేటర్‌లో గోలీ

“ఉగాదికల్లా మీ తండాకు మూడు ఫేజుల కరెంటొస్తుంది. బావి మోటారు తిరుగుతుంది. ఇది నా మాట.”

కరెంటు ఆఫీసు అధికారి ఆ మాట చెప్పి పోయాక రెండు ఉగాదులు దాటిపోయాయి. ఎర్రగుంట తండా ఆడవాళ్లు ఇంకా క్వారీ గుంత నీళ్లే మోస్తున్నారు.

ఆ తండా కుర్రాడే, ఇంజనీరింగ్ చదివిన ఓబులేసు మండిపడ్డాడు. “అడుక్కునేది చాలు. వారంలో నీళ్లు నేను తెస్తా” అని తండా మధ్య నిలబడి చెప్పాడు. ఉన్న ఒక్క ఫేజులోంచే మూడు ఫేజుల అలలు పుట్టించే బోర్డొకటి మైక్రోకంట్రోలర్‌తో తయారు చేశాడు. దాని పెట్టె మీద ఎర్ర రంగుతో రాశాడు: ‘అందరం ఒక్కసారిగా లేస్తేనే చక్రం కదులుతుంది.’

మోటారు కదల్లేదు. కనీసం మూలగలేదు. వారం కాస్తా నెలయింది.

చివరికి మోటారునూ, బోర్డునూ ఆదోనిలో తనకు పని నేర్పిన దస్తగిరి ఉస్తాద్ షాపుకు మోసుకొచ్చాడు. జేబులో, మాట తప్పినందుకు అధికారికి రాసిన నోటీసు ఉంది. దాని మీద ఉస్తాద్ సంతకం కూడా కావాలని వచ్చీ రాగానే చెప్పాడు.

“ఈ మోటారుకు తీగ చుట్టింది మీరే. తప్పు వైండింగులోనే ఉంది ఉస్తాద్. నా అలలు మూడూ స్కోపు తెర మీద చూసినా. ఒక్కోటీ వంక పెట్టేదానికి లేదు.”

ఉస్తాద్ మోటారు విప్పాడు. లోపల తిరిగే రోటరు బయటికి లాగి, చుట్టూ తీగలున్న ఖాళీ స్టేటర్ గుల్లలో బేరింగు ఇనప గోలీ ఒకటి వేశాడు. షాపులోని మూడు ఫేజుల కరెంటును బాగా తగ్గించి కలిపాడు. గోలీ లోపలి గోడ వెంబడి గిరగిరా పరుగెత్తింది.

ఆ తీగలు తీసేసి, ఓబులేసు బోర్డు తీగలు కలిపాడు.

గోలీ అడుగున పడి ఉంది.

“ఒక్కోటీ చూసినావు సరే. పక్కపక్కన పెట్టి చూసినావా నాయనా?”

ఓబులేసు షాపులోని స్కోపుకు బోర్డు తీగలు రెండు ఒకేసారి తగిలించాడు. తెర మీద ఒక్క అలే కనిపించింది. రెండోది దాని వెనకే, గీత మీద గీతలా దాగి ఉంది. అలలు మూడూ ప్రోగ్రాములోని ఒకే అంకెల పట్టికను ఒకేసారి, మొదటి అంకె నుంచే చదువుతున్నాయి. ఒకదాని వెనక ఒకటి, చుట్టులో మూడో వంతు ఆగి బయల్దేరమని అందులో అతను రాయనేలేదు.

ఉస్తాద్ పెట్టె మీది ఎర్ర అక్షరాల్ని కాసేపు చూశాడు.

“మూడూ ఒక్కసారే లేస్తే, ఎవరు ఎవర్ని లాగాల?”

తర్వాత చెయ్యి చాచాడు. “సంతకమంటివే. ఏదీ కాయితం?”

ఓబులేసు నోటీసు తీశాడు గానీ ఇవ్వలేదు. పైన ఉన్న అధికారి పేరు కొట్టెయ్యలేదు. జవాబు చెప్పాల్సినవాళ్ల వరసలో, దాని కింద తన పేరూ రాశాడు. చివరి వాక్యం ఇంకోసారి చదువుకున్నాడు. అందులో అక్షరం మార్చలేదు.

‘ఇచ్చిన మాట ఎందుకు తప్పారో, నీళ్లు ఎప్పుడిస్తారో, ఏప్రిల్ ఇరవైలోగా తండాకు వచ్చి జవాబు చెప్పాలి.’