కలుపు తీసిన మడిలో నీళ్లు

ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్చున్న చోటు నుంచి లేచిపోవడం ఆశ్రమం గురువు కోటిలింగంగారి అలవాటు. కొత్తవాళ్లు ఆయనకు కోపం వచ్చిందనుకునేవారు. పాతవాళ్లు మాత్రం చెప్పులు తొడుక్కుని వెనకాలే నడిచేవారు, జవాబు బయటెక్కడో ఉంటుందని వాళ్లకు తెలుసు గనక.

ఆ వేళ అడిగింది వరహాలమ్మ. వ్యవసాయదారుల ఇంట పుట్టిన మనిషి. ఆశ్రమం వెనకాల ఉన్న వరిమడి బాగోగులన్నీ ఆవిడే చూసుకునేది. అంతకు రెండేళ్ల ముందు ఆవిడకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. ఒంట్లో ఊరే హార్మోను మిగిలిన జబ్బుకు మేత కాకుండా రోజుకో మాత్ర రాసి, ఐదేళ్లపాటు మానకూడదని, మధ్యమధ్య వచ్చి చూపించుకోవాలని డాక్టరమ్మ చెప్పి పంపింది. నెల రోజులుగా వరహాలమ్మ ఆ మాత్ర వేసుకోవడం లేదు. ఆసుపత్రికీ వెళ్లలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, గురువుగారికి మాత్రం చెప్పింది.

"దేవుడు నా జబ్బు తీసేశాడని నమ్మి మొక్కు కూడా తీర్చుకున్నాను. ఇంకా రోజూ మాత్ర మింగుతూ కూర్చుంటే, ఆయన మీద నమ్మకం లేనట్టే కదండీ గురువుగారూ?"

కోటిలింగంగారు లేచారు. గోడకు ఆనించి ఉన్న పార తీసుకుని మడివైపు నడిచారు.

ముందురోజే ఆడకూలీలు కలుపు తీసి వెళ్లారు. చేను నున్నగా దువ్విన తలలా ఉంది. పాదం మునిగేంత నీరు నిలిచి ఉంది. ఆయన గట్టు చివరికి వెళ్లి, నీరు బయటికి పోయే మడవకు అడ్డంగా ఉన్న మట్టిని పారతో లాగేశారు. నీరు గలగలా మురుగుకాలవలోకి పోసాగింది.

వరహాలమ్మ ఇంకా పూర్తిగా తగ్గని కీళ్ల నొప్పుల మాటే మరిచి, చీర ఎగదోపి పరుగున వచ్చింది. "ఇదేం పనండీ? ముందు పక్కకు జరగండి" అంటూ ఆయన చేతిలోంచి పార లాక్కుని, బురద తోడిపోసి మడవ మూసేసింది.

"కలుపు తీసేశారుగా. ఇంకా నీళ్లెందుకు?" అన్నారాయన.

"నీళ్లు పోతే వారం తిరక్కుండా ఊద గడ్డి లేస్తుంది. మీకు వేదాంతం వచ్చుగానీ వ్యవసాయం రాదు."

"నా కళ్లకు ఒక్క ఊద పోచా కనబడటం లేదే. కూలీల పని మీద నీకు నమ్మకం లేదను, సరిపోతుంది."

"వాళ్లనంటే నేనూరుకోను. కంటికి కనబడిందల్లా వేళ్లతో సహా పీకారు పాపం. మట్టిలో ఉన్న గింజ వాళ్లకెలా కనబడుతుంది? దానికోసమే ఈ నీళ్లు."

అని, చేతుల బురద కడుక్కోవడానికి వంగిన మనిషి అలాగే ఉండిపోయింది.

"చేనుకు నొప్పులుండవు గురువుగారూ" అంది, గొంతు తగ్గించి. "ఆ మాత్ర వేసుకుంటే పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు. చలికాలంలో కూడా ఒళ్లంతా సెగలు. నమ్మకం గిమ్మకం ఏమీ కాదు. ఓర్చుకోలేక మానేశాను."

ఆయన మందలించలేదు. "నీళ్లు మరీ ఎక్కువై పైరు పసుపెక్కితే ఏం చేస్తావు?" అని అడిగారు.

"కొంచెం వదిలి సరిపడా ఉంచుతాం. మడి ఎండబెట్టుకోంగా."

"ఎంత వదలాలో ఎలా తెలుస్తుంది?"

"ఎలా ఏముందండీ, గట్టు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది."

"మరి ఆ డాక్టరమ్మను కూడా గట్టు మీదికి రానివ్వాలి కదమ్మా" అన్నారు కోటిలింగంగారు.