అవిసె నీడ

విశ్వపతిగారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు రాదు, ఏదో ఒక పని వస్తుంది. ఆ సంగతి ఆశ్రమంలో అందరికీ తెలుసు, సైన్సు చదువుకుని కొత్తగా చేరిన కేదారికి తప్ప.

ఒకనాడు కేదారి అడిగాడు. అంగారకుడి మీదా నేల ఉంది, కొండలున్నాయి, పగలూ రాత్రీ ఉన్నాయి; మనిషి అక్కడ కాపురం పెట్టడానికి అడ్డేమిటని. అక్కడి గాలి మరీ పలచన, పైనుంచి వచ్చే రేడియేషన్‌ను ఆపలేదని తాను చదివాడు, కానీ అదొక అడ్డుగా అతనికి తోచలేదు. "గాలి పీల్చడానికే కదండీ. సిలిండర్లలో పట్టుకుపోతే చాలదా?" గురువుగారు నవ్వి, తాను పొరుగూరు వెళ్లి వచ్చేదాకా తమలపాకు తోట చూసుకోమన్నారు.

ఆ తోటంటే కేదారికి ప్రాణం. చనిపోయిన తల్లి పెరట్లోంచి తెచ్చిన తీగముక్కలు అందులో రెండు సాళ్లు నాటుకున్నాడు. ఆమె గుర్తుగా మిగిలినవి అవే. తీగలు అవిసె చెట్లను పట్టుకుని పాకుతున్నాయి. పాకడానికి మాను చాలు, పైన ఈ కొమ్మల గుబురెందుకు, ఎండ తగిలితే ఇంకా ఏపుగా ఎదుగుతాయి కదా అని మన శాస్త్రజ్ఞుడికి తోచింది. తోచడమే తడవు, కత్తి తీసుకుని ఆ రెండు సాళ్ల మీద కొమ్మలన్నీ నరికేశాడు. అసలే చైత్రమాసపు ఎండలు. మూడోనాటికి ఆకులు మాడి అప్పడాల్లా పెళుసుబారాయి. కేదారి గుండె చెరువైంది.

గురువుగారు వచ్చి చూసి కేకలేయలేదు. కొబ్బరి మట్టలు తెప్పించి కూర్చున్నారు. ఇద్దరూ తడికెలు అల్లి పైన కట్టారు. ఒక వరస వేస్తే సందుల్లోంచి ఎండ దిగింది. రెండు వరసలు వేస్తే కింద చీకటై ఉక్కపోసింది. ఈదురుగాలి వచ్చి అన్నింటినీ ఎగరగొట్టింది. మళ్లీ కట్టారు. పొద్దువాలేసరికి ఇద్దరి చేతివేళ్లూ చీరుకుపోయాయి. కొన్ని తీగలు మొదలు దగ్గర ఇంకా పచ్చగానే ఉన్నాయి, మిగిలినవి దక్కలేదు.

పక్క సాళ్లలో కత్తి తగలని అవిసెలు ఎప్పటిలాగే నిలబడి ఉన్నాయి. వాటి సన్నని ఆకులు ఎండను జల్లెడ పట్టి, కావలసిన వెలుగును కిందికి వదులుతున్నాయి, మంటను పైనే ఆపుతున్నాయి. ఎంత గొప్ప పని, ఎంత చప్పుడు లేకుండా జరుగుతోందో అనుకున్నాడు కేదారి. ఇన్నాళ్లూ వాటి కిందే తిరుగుతూ ఒక్కసారైనా తలెత్తి చూడనందుకు సిగ్గేసింది. ఆ తల ఇంకాస్త పైకెత్తాడు. అవిసెలపైన, నీలంగా, అంతెత్తున గాలి.

గురువుగారు తన వేళ్లకు పసుపు అద్దుకుంటూ అన్నారు: "రెండు సాళ్ల నీడకే చేతులిలా అయ్యాయి నాయనా. ఊరంత నీడ అల్లాలంటే, అంగారకుడి మీదికి ఎన్ని చేతులు తీసుకెళ్తావు?"