రాజుగారి ఆవులింత

ఒకానొక రాజ్యంలో రాజు మారాడు. మారితే మారాడు గాని, కొత్త రాజు విజయకేసరి గద్దె ఎక్కుతూనే వేసిన ఆజ్ఞ విని కొలువంతా నోరు వెళ్ళబెట్టింది.

"దీపాలు పెట్టగానే ఇళ్ళకు పరుగెత్తడాలు ఇక చెల్లవు. నేను ఆవులిస్తే సభ ముగిసినట్టు. అంతవరకూ ఒక్కరూ కదలకూడదు!"

ఆ మహానుభావుడికేమో ఆవులింత ఒక పట్టాన రాదు. మధ్యాహ్నమంతా హాయిగా పడుకుని లేచేవాడు మరి!

అందరికంటే ఎక్కువ నలిగిపోయినవాడు విదూషకుడు పేరయ. ఇంట్లో అతని పసివాడు తండ్రి భుజం మీద తప్ప నిద్రపోడు. వాణ్ణి మోసి మోసి సొమ్మసిల్లిన భార్య అక్కమ్మ ఒకనాడు తేల్చి చెప్పింది: "రేపూ ఇంతే అయితే నేను పుట్టింటికి పోతాను. మీరు మీ రాజుగారితోనే కాపురం చేసుకోండి."

ఏనాడూ పల్లెత్తు మాట అనని ఇల్లాలు!

మర్నాడు సాయంత్రం రాజుతో మొర పెట్టుకున్నాడు. రాజు మీసం దువ్వాడు.

"పసిగుడ్డును పడుకోబెట్టడానికి నీ అంతటివాడు కావాలా? రాజ్యాన్నే మోస్తున్న భుజం నాది. తెప్పించు, చిటికెలో నిద్రపుచ్చుతాను!"

"తమ ఆజ్ఞ" అని పేరయ వినయంగా ఇంటికి కబురంపాడు.

అక్కమ్మ వచ్చింది. తిన్నగా సింహాసనం దగ్గరికి నడిచి బిడ్డను రాజుగారి భుజాన వేసింది. "మీరు చల్లగా ఉండాలి ప్రభూ. నేను పోయి కాస్త నడుం వాలుస్తాను" అని వెళ్ళిపోయింది.

బిడ్డ గుక్కపట్టాడు.

"నడవాలి ప్రభూ" అన్నాడు పేరయ.

రాజు లేచి నడిచాడు. ఏడుపు ఆగింది. కూర్చోబోయాడు. కిరీటం అదిరేలా ఏడుపు! మళ్ళీ నడక. రాజు నిలబడి ఉండగా ఎవరూ కూర్చోకూడదన్నది కొలువు మర్యాద. ముసలి మంత్రి మోకాళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. ఆస్థాన పండితుడు స్తంభాన్ని కౌగిలించుకున్నాడు.

"ఒరే పేరయా, వీణ్ణి పట్టుకోరా!"

"కొలువులో ఉన్నాను గదా ప్రభూ! తమరు ఆవులించందే సొంత పని ఎలా ముట్టుకోను?"

అంతలో బిడ్డ నోరంతా తెరిచి ఆవులించాడు. ఎదుటివాడు ఆవులిస్తే ఊరుకునే నోరు ఎవరిది? రాజు పళ్ళు బిగించాడు, పెదవి కొరుక్కున్నాడు. లాభం లేకపోయింది.

"సభ ముగిసింది!" అని పేరయ కేక పెట్టాడు.

రాజు నోరు మూసేసరికి సభలో నరపురుగు లేదు. మంత్రి మోకాళ్ళకు అంత వేగం ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. రాజు కొయ్యబారిపోయాడు. పైగా భుజం మీద వెచ్చగా ఏదో కారుతోంది.

"ఇప్పుడు నేను వీడి తండ్రిని ప్రభూ. ఇలా ఇవ్వండి."

బిడ్డ తండ్రి మెడకు ముఖం ఆనించి ఇట్టే నిద్రపోయాడు. రాజు ఆ ముఖం చూశాడు, తడిసిన తన పట్టు ఉత్తరీయం చూసుకున్నాడు, పగలబడి నవ్వాడు.

"ఒక్క పూటకే నా నడుం విరిగింది. ఆ ఇల్లాలు ఇన్నాళ్ళు ఎలా మోసిందిరా!" అంటూ ఆ ఉత్తరీయాన్నే పేరయకు కప్పాడు. "ఇదిగో నీ సన్మానం. తడిపినవాడు నీవాడే, ఉతికించుకో."

వేసిన ఆజ్ఞ వెనక్కి తీసుకుంటే రాజుకు పరువు తక్కువ. అందుకని తీసుకోలేదు. మర్నాటి నుంచి దీపాలు పెట్టే వేళకు, నిద్ర వచ్చినా రాకపోయినా, ఆయనే నోరు బార్లా తెరిచి ఆవులించేవాడు.