పగడాల దీవి నుంచి తిరిగొచ్చిన చెంగల్వ

అనగా అనగా రత్నగిరి అనే ఊళ్ళో ఒక రాజుగారు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఆ ఊళ్ళోనే నేతగాళ్ళ వీధిలో చెంగల్వ అని ఒక పిల్ల. తండ్రి లేడు. తల్లి వీరమ్మ మగ్గం నేస్తుంది, కూతురు కండెలు చుడుతుంది. ఈ కథ ఆ పిల్లదే.

ఒకనాడు పట్టుబట్టల వర్తకుడొకడు వచ్చాడు. ఎంత తీయని మాటలనీ!

"బంగారు తల్లీ, ఏడు సముద్రాల అవతల పగడాల దీవి ఉంది. అక్కడి రాణిగారికి చీరలు నేసే పిల్లలు కావాలి. వెండి కంచంలో భోజనం పెడతారు" అన్నాడు.

వీరమ్మకి చూపు మందగించింది. అమ్మకి వైద్యం చేయించొచ్చు అనుకుంది చెంగల్వ.

"అమ్మకి చెప్పొస్తానయ్యా."

"చెబితే ఏడుస్తుంది. ఏడిస్తే నువ్వు కదల్లేవు. అక్కణ్ణుంచి కబురు పంపుదాంలే."

చెంగల్వ ఓడెక్కింది.

దీవిలో దిగితే రాణీ లేదు, వెండి కంచమూ లేదు. ఆ వర్తకుడు కరాళుడనే మాంత్రికుడు. అప్పటికే అక్కడ ఎందరో ఆడపిల్లలు. పగలంతా చాకిరీ. పొద్దుగూకగానే మంత్రదండం తాకించి రాతిబొమ్మల్ని చేసేవాడు. రాయిలో కదలిక ఉండదు, చెవులు మాత్రం వింటాయి. వాడు రోజూ ఒకటే మాట అనేవాడు: "మీ వాళ్ళు మిమ్మల్ని మరిచిపోయారు. వెళ్ళినా గడప తొక్కనివ్వరు."

విని విని నిజమే అనుకున్నారు పిల్లలు. చెంగల్వ ఎండుటాకు కదిలినా ఉలిక్కిపడేది.

ఒకరోజు ఒడ్డున నీళ్ళు ముంచుతుంటే, పెద్ద తాబేలు వీపు మీంచి ఒక యువకుడు దిగాడు. చెంగల్వ కొట్టడానికి కడవ ఎత్తింది.

"దగ్గరికి రాకు! నీ దగ్గరా ఉందా ఓ రాణిగారి కబురు?"

అతను అక్కడే ఆగి, దూరంగా ఇసుకలో కూర్చున్నాడు.

"నేను రాజుగారి మూడో కొడుకుని, పుష్పకేతుని. నీలో వీరమ్మ పోలికలున్నాయి, చెంగల్వవి కదూ? మీ అమ్మ కొలువుకొచ్చి మొరపెట్టుకుంది. ఎవడితోనో లేచిపోయుంటుందని పెద్దలన్నారు. మీ అమ్మ ఒప్పుకోలేదు. మా పెద్దన్న మూడో సముద్రం దాకా, నడిపన్న అయిదో సముద్రం దాకా వచ్చి వెనుదిరిగారు. నన్ను ఈ తాబేలు తాత మోసుకొచ్చాడు."

"అమ్మ నన్ను మరిచిపోలేదూ?"

"తలుపుకి గొళ్ళెం పెట్టడమే మానేసింది. నువ్వొస్తే తట్టాల్సొస్తుందని."

చెంగల్వ కడవ దించింది. చాలాసేపు ఏడ్చింది.

ఆ సాయంత్రం ఉపాయం పన్ని మాంత్రికుణ్ణి అడిగింది: "అయ్యా, మీకేమన్నా అయితే మా గతేంకాను? మీ ప్రాణం ఎక్కడుంది?"

"గుమ్మంలో ఉంది" అన్నాడు. మర్నాడు గుమ్మానికి పూలు పెట్టింది. "కాదు, మామిడిచెట్టులో ఉంది" అన్నాడు. చెట్టుకీ పూలు చుట్టింది. మూడోనాడు వాడు పగలబడి నవ్వాడు. "పిచ్చిదానా! ఏడో సముద్రం అడుగున గుహ, గుహలో గాజుపెట్టె, పెట్టెలో చిలక. అందులో ఉంది!"

నీళ్ళకెళ్ళినప్పుడు, ఒడ్డున దాక్కున్న పుష్పకేతుకి ఆ మాట చెప్పింది చెంగల్వ. తాబేలు మునిగింది. ఎంతకీ రాదు. ఈలోగా మాంత్రికుడికి అనుమానమొచ్చి చెంగల్వ జుట్టు పట్టుకున్నాడు.

"పారిపోతావా? నిన్నెవరు రానిస్తారే?"

"మా అమ్మ" అంది చెంగల్వ.

వాడు దండం ఎత్తాడు. అప్పుడే తాబేలు పెట్టెతో తేలింది, పుష్పకేతు పెట్టె పగలగొట్టి చిలక మెడ విరిచాడు. కరాళుడు నిలువునా బూడిదయ్యాడు.

అయినా పిల్లలెవరూ వాడి ఓడెక్కలేదు. ఊళ్ళో ఏమంటారోనని ఒకటే దిగులు.

"మాంత్రికుడు చచ్చాడు గానీ వాడి మాట మీ చెవుల్లో ఇంకా ఉందమ్మా" అంది తాబేలు. "అది పోవడానికి కాలం పడుతుంది. ఓడలో కూర్చునే భయపడండి, పరవాలేదు."

రత్నగిరి రేవులో జనం గుసగుసలాడారు. రాజుగారు అందరి ముందూ తల దించి, "తప్పు ఈ పిల్లలది కాదు. వెంటనే వెతకని మనది" అన్నారు. గుసగుసలు ఆగాయి. ఎవరి పిల్లల్ని వాళ్ళు కావలించుకున్నారు.

ఇంటికొచ్చాక కూడా చెప్పుల చప్పుడైతే చెంగల్వ మగ్గం వెనక దాక్కునేది. వీరమ్మ ఏమైందని అడగలేదు. పక్కన కూర్చుని కండె చేతికిచ్చేది. మగ్గం టకటక వింటూ వింటూ చెంగల్వ ఊపిరి కుదుటపడింది. ఒకనాడు తనంతట తానే అంతా చెప్పింది. తరవాత దీవి నుంచి వచ్చిన పిల్లలతో కలిసి ఊరూరా తిరిగి చెప్పింది.

కొన్నాళ్ళకి పొరుగూరికి ఇంకో తీయని మాటలవాడొచ్చాడు. ఒక చిన్నపిల్ల అడిగింది: "మీదే ఊరు? మీతో వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళని చూపిస్తారా? ఇదే మాట మా అమ్మ ముందు చెబుతారా?" వాడు పరుగు లంకించుకున్నాడు. ఊరంతా కలిసి పట్టుకుంది.

పుష్పకేతు పెళ్ళి మాట ఎత్తితే, "ఇంకా భయంగా ఉంది" అంది చెంగల్వ. ఏడాది తరవాత అడిగితే, "ఇంకొన్నాళ్ళు ఆగు" అంది. ఆగాడు. మూడోసారి అతను అడగలేదు, ఆమే అడిగింది. ఊరంతా పందిళ్ళు వేశారు. రాజుగారు మూడో కొడుక్కే పట్టం కట్టారు.

రాణి అయ్యాక కూడా ఒక్కోసారి నిండుకొలువులో ఉలిక్కిపడేది. అప్పుడు పుష్పకేతు మాట ఆపేవాడు. ఆమె ఊపిరి నిమ్మళించాకే కొలువు సాగేది. అలా ఇద్దరూ తలలు నెరిసేదాకా రాజ్యాన్ని చల్లగా ఏలారు. వాళ్ళక్కడ, మనమిక్కడ, కథ మన నోట!